ట్రాలీ వెనక నుంచి గుద్దింది, ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు. క్లెయిమ్ ఎవరి పాలసీ మీద వేయాలి?

కృష్ణలంక_కారు · 2025 మే 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నిన్న ఆదివారం సాయంత్రం గన్నవరం నుంచి ఇంటికి వస్తున్నాం. విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర రెడ్ సిగ్నల్ పడితే ఆగాను. ఆగి పది సెకన్లయినా అయ్యుంటుంది, వెనక నుంచి నాలుగు చక్రాల చిన్న ట్రాలీ వచ్చి గుద్దింది. నున్న మార్కెట్‌ నుంచి మామిడికాయల లోడు. దెబ్బకి రెండు ట్రేలు రోడ్డు మీద పడి కాయలన్నీ దొర్లిపోయాయి. మా అమ్మ వెనక సీట్లో ఉంది. దేవుడి దయ వల్ల దెబ్బలేమీ తగల్లేదు, కానీ రాత్రంతా నిద్రపోలేదు.

కారు డిక్కీ డోర్ లోపలికి నొక్కుకుపోయింది, వెనక బంపర్ పగిలింది, ఎడమ టెయిల్ ల్యాంప్ పోయింది. డ్రైవర్ కుర్రాడు ఏడుపు మొహంతో "సార్, కేసు వద్దు, ఓనర్‌తో మాట్లాడిస్తా" అన్నాడు. ఓనర్ ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఎంతైతే అంత నేను చూసుకుంటాను, మీరు ఇంటికెళ్లండి" అన్నాడు. నమ్మి వచ్చేశాను. ఈరోజు పొద్దున్నించి పదకొండు సార్లు చేశాను, ఎత్తడం లేదు.

నాది ఫుల్ పాలసీ, కానీ జీరో డెప్ (భాగాల అరుగుదలకి డబ్బు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. కారు కొని నాలుగేళ్ల రెండు నెలలు. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా లేదు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 45 శాతం ఉంది. మా ఏజెంట్ ఏమంటాడంటే, "ట్రాలీ సంగతి రాస్తే పోలీసులు, కోర్టులు, తలనొప్పి. రివర్స్ చేస్తుంటే గోడకు తగిలిందని రాసేయండి, వారంలో అయిపోతుంది" అని.

తప్పు నాది కాదు. నా బోనస్ నేనెందుకు పోగొట్టుకోవాలి? ఏం చేయమంటారు?

మణికొండ_వాసి · మే 19, రాత్రి 10:05

అమ్మగారికి ఏమీ కానందుకు సంతోషం అండి. ముందు ఒక్కటే మాట. గోడ అని రాయకండి. దయచేసి రాయకండి. నేను రాసి దెబ్బతిన్నాను.

మూడేళ్ల కిందట నా కారుకి పక్క నుంచి ఒక క్యాబ్ రాసుకుంటూ పోయింది. గ్యారేజీవాళ్లే చెప్పారు, "పార్కింగ్ పిల్లర్ అని రాయండి మేడం, ఈజీ" అని. నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూశాడు. రెండు డోర్ల మీద పసుపు పెయింట్ చారలు. పిల్లర్‌కి పసుపు రంగు ఎక్కడిదని అడిగాడు. అంతే. తప్పుడు సమాచారం ఇచ్చారని క్లెయిమ్ మొత్తం తిరస్కరించారు. నిజం చెప్పుంటే వచ్చే డబ్బు, అబద్ధం వల్ల పోయింది. ఆ తర్వాత క్యాబ్ మీద వెళ్దామంటే "మీరే పిల్లర్ అని సంతకం పెట్టారు కదా" అనే మాట ఎదురొచ్చింది. రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి.

గ్యారేజీ_బాబాయ్ · మే 19, రాత్రి 10:31

బాబూ, నేను ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా డెంటింగ్ పని చేస్తున్నా. వెనక నుంచి గుద్దిన బండికి, గోడకు గుద్దిన బండికి తేడా మాకు చూడగానే తెలిసిపోతుంది. గోడకైతే బంపర్ మొత్తం ఒకే వరసలో నలుగుతుంది. ట్రాలీ ముందు బంపర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి డిక్కీ మధ్యలో కొడుతుంది. సర్వేయర్లు పిచ్చివాళ్లు కాదు.

కారు ఇంకా ఎవరి చేతా ముట్టించకు. బంపర్ ఊడిపోతోందని తాడు కట్టినా ముందు ఫోటోలు తీసి కట్టు. నంబర్ ప్లేటు కనపడేలా, డిక్కీ కింద అంచు కనపడేలా, లోపల స్టెపినీ గుంట కూడా. అక్కడ షీటు ముడతలు పడిందంటే దెబ్బ లోపలి దాకా వెళ్లినట్టు.

సర్వేయర్_గుంటూరు · మే 20, ఉదయం 6:50

రిటైరయ్యాను గానీ ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మన దగ్గర మీకు రెండు దారులున్నాయి, రెంటి స్వభావం వేరు.

మొదటిది మీ సొంత పాలసీలోని ఓన్ డ్యామేజ్, అంటే మీ బండి నష్టానికి ఇచ్చే భాగం. తప్పు ఎవరిదైనా మీ కంపెనీ ఇవ్వాల్సిందే, త్వరగా అవుతుంది. కానీ అరుగుదల కోస్తారు, బోనస్ పోతుంది. రెండోది ట్రాలీవాళ్ల థర్డ్ పార్టీ పాలసీ, అంటే వాళ్ల బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఇచ్చేది. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ అది తప్పనిసరి. అందులో అరుగుదల కోత ఉండదు, మీ బోనస్ జోలికి రాదు. కానీ వాళ్ల కంపెనీ ఆఫీసుకి వెళ్లి ఫారం ఇస్తే చెక్కు ఇచ్చే పద్ధతి మన దేశంలో లేదు. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు.

మీరు ఎస్టిమేట్ వేయించారా? ఉంటే పెట్టండి, కోత ఎంతో చెప్తాను. ఇంకా ముఖ్యం, ఈరోజే మీ కంపెనీకి ఫోన్ చేసి ప్రమాదం సంగతి తెలియజేయండి. క్లెయిమ్ వేస్తారా లేదా తర్వాత తేల్చుకోవచ్చు, తెలియజేయడం మాత్రం ఆలస్యం చేయొద్దు. ట్రాలీ నంబర్, సమయం, చోటు అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

డల్లాస్_తెనాలి · మే 20, ఉదయం 7:15

ఇక్కడ టెక్సాస్‌లో అయితే గుద్దినవాడి ఇన్సూరెన్స్ కంపెనీకి మనమే నేరుగా ఫోన్ చేసి క్లెయిమ్ ఓపెన్ చేస్తాం. వాళ్లు ఒప్పుకుంటే రిపేరూ రెంటల్ కారూ వాళ్లవే. కనీసం 25,000 డాలర్ల ఆస్తి నష్టం కవర్ ప్రతివాడికీ ఉండాలి. తెనాలిలో మా నాన్నగారి కారుకి కిందటేడు ఇలాగే జరిగితే నేను ఇక్కడి లెక్కలో ఆలోచించి "వాళ్ల కంపెనీకి ఫోన్ చేయండి నాన్నా" అని పది రోజులు ఆయన్ని తిప్పాను. వాళ్లు చివరికి "ట్రైబ్యునల్ ఆర్డర్ తెండి" అన్నారు. బయట ఉండి అమ్మానాన్నలకి సలహాలిచ్చే నాలాంటివాళ్లు సర్వేయర్ గారి పోస్టు రెండుసార్లు చదవండి.

కృష్ణలంక_కారు · మే 20, మధ్యాహ్నం 1:20

కంపెనీకి ఫోన్ చేశాను, క్లెయిమ్ నంబర్ వచ్చింది. ట్రాలీ నంబర్ కూడా చెప్పాను. క్యాష్‌లెస్ ఉన్న గ్యారేజీలో ఎస్టిమేట్ వేయించాను. పన్నులతో కలిపి:

వెనక బంపర్ 9,200, టెయిల్ ల్యాంప్ 6,400, డిక్కీ డోర్ 18,600, బ్యాక్ ప్యానెల్ 5,800, క్లిప్పులూ గట్రా 1,200. లేబర్ 9,000. పెయింటింగ్ 14,000. మొత్తం 64,200.

యాక్సిడెంట్ ఫోటో ఒకటి కింద పెడుతున్నాను.

నిర్వాహకులు · మే 20, మధ్యాహ్నం 1:45

ఫోటోలో ట్రాలీ నంబరూ డ్రైవర్ ముఖమూ కనిపిస్తున్నాయి కాబట్టి తీసేశాం. ఒరిజినల్ మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి, వాట్సాప్‌లో పంపుకుని ఫోన్‌లోది చెరిపేయొద్దు. తీసిన సమయం వివరాలు ఒరిజినల్ ఫైల్‌లోనే ఉంటాయి.

సర్వేయర్_గుంటూరు · మే 20, సాయంత్రం 5:30

లెక్క చూద్దాం. ఈ కోతలు చాలామందికి చివర్లో బిల్లు చేతికొచ్చాకే తెలుస్తాయి. అప్పుడు గ్యారేజీవాడితో గొడవపడి ప్రయోజనం లేదు.

ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కారు వయసుతో పని లేకుండా సగం కోస్తారు. కాబట్టి బంపర్‌లో 4,600, ల్యాంప్‌లో 3,200 మీవి. అద్దాలకి కోత లేదు, మీకు పగల్లేదు గనక అది వదిలేద్దాం. ఇనుప భాగాలకి వయసును బట్టి పెరుగుతుంది. మొదటి ఆరు నెలలు ఏమీ ఉండదు, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 35 శాతం, ఐదు దాటితే 40. మీది నాలుగు దాటింది కాబట్టి డిక్కీలో 6,510, ప్యానెల్‌లో 2,030. పెయింటింగ్‌లో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 1,750. లేబర్‌కి కోత లేదు. క్లిప్పులు, నట్లు లాంటివాటికి విడిగా కన్జ్యూమబుల్స్ యాడ్-ఆన్ (ఇలాంటి చిల్లర సామాన్లకి తీసుకునే అదనపు కవర్) లేకపోతే ఇవ్వరు, 1,200 పోయింది. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సినది, 1,000.

అంతా కలిపితే మీ చేతి నుంచి 20,290. కంపెనీ ఇచ్చేది 43,910. సర్వేయర్ ఏ భాగాన్నైనా "మార్చక్కర్లేదు, బాగుచేయొచ్చు" అంటే ఈ అంకె మారుతుంది. నష్టం 50 వేలు దాటింది కాబట్టి లైసెన్సున్న సర్వేయర్ రావాల్సిందే.

కొత్త_లైసెన్స్ · మే 20, సాయంత్రం 6:02

బోనస్ పోతే ఎంత నష్టమో కూడా చెప్తారా సార్? మా నాన్న ఎప్పుడూ "బోనస్ పోతుంది, క్లెయిమ్ వద్దు" అంటారు.

సర్వేయర్_గుంటూరు · మే 20, రాత్రి 8:10

మంచి ప్రశ్న బాబూ. బోనస్ మొత్తం ప్రీమియం మీద కాదు, ఓన్ డ్యామేజ్ భాగం మీదే. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, క్లెయిమ్ వేసినా మారదు. 1000 నుంచి 1500 సీసీ కారుకి అది 3,416 రూపాయలు.

ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుందాం. మన మిత్రుడికి వచ్చే ఏడు 50 శాతం రావాలి. క్లెయిమ్ వేస్తే సున్నా అవుతుంది, అంటే 4,000 నష్టం. ఆ తర్వాతి ఏడాది 50 బదులు 20 శాతం, 2,400 నష్టం. తర్వాత 25, 35, 45 శాతాల దగ్గర 2,000, 1,200, 400. ఐదేళ్లలో సుమారు పది వేలు. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే.

అంటే ఆరేడు వేల గీతకి క్లెయిమ్ వేయకూడదు, మీ నాన్నగారి మాట అక్కడ సరైనదే. నలభై నాలుగు వేలు వచ్చే చోట పది వేలకి భయపడి ఆగడం మాత్రం తప్పు.

వకీలు_రాజమండ్రి · మే 20, రాత్రి 10:45

సర్వేయర్ గారు రెండు దారులన్నారు, నిజమే. కానీ ఒకదాన్ని ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుందనుకోకండి. కారు బాగుచేయించుకోవడానికి మీ పాలసీ వాడుకోండి. మీ కంపెనీ ఇవ్వని భాగం, అంటే మీ జేబు నుంచి పోయినది, ట్రాలీ ఓనర్ దగ్గర అడగండి. కంపెనీ మీకు ఇచ్చిన 43 వేలు మళ్లీ అడగకూడదు. అది రెండుసార్లు తీసుకోవడం అవుతుంది, దాన్ని వసూలు చేసుకునే హక్కు మీ కంపెనీది.

ఇప్పుడు చేయాల్సినది ఒక్కటే, పోలీసు స్టేషన్‌కి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం. గాయాలు లేని కేసుల్లో ఎఫ్‌ఐఆర్ కట్టడానికి వెనకాడతారు, "మీరూ మీరూ మాట్లాడుకోండి" అంటారు. కనీసం జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టర్‌లో) ఎంట్రీ వేయించి, మీ కాపీ మీద స్టాంపూ తేదీ తీసుకోండి. అసలు తీసుకోకపోతే అదే కాగితాన్ని పోలీసు కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఏడాది తర్వాత "ఆ రోజు మా బండి అక్కడ లేనే లేదు" అని ఎదుటివాళ్లు అంటే మీ దగ్గర ఉండేది ఆ స్టాంపే.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి ట్రైబ్యునల్‌లో కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని చట్టంలో పెట్టారు. మీకు నవంబరు మధ్య దాకా టైముంది. ప్రమాదం జరిగిన చోటే వేయక్కర్లేదు, మీరు ఉంటున్న ఊళ్లోనూ వేయొచ్చు.

కొండపల్లి_బొమ్మ · మే 21, ఉదయం 9:12

సిగ్నల్ దగ్గర షాపుల కెమెరాలు అడగండి అన్నా, ఈరోజే. చాలా షాపుల్లో వారం పది రోజులకి పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. మా తమ్ముడి కేసులో తొమ్మిదో రోజు వెళ్తే షాపాయన "నిన్ననే పోయింది బాబూ" అన్నాడు.

కృష్ణలంక_కారు · మే 22, రాత్రి 9:00

అందరికీ చాలా థాంక్స్. నిన్న స్టేషన్‌కి వెళ్లాను. మొదట వకీలు గారు చెప్పిన మాటే, "మాట్లాడుకోండి" అన్నారు. వదల్లేదు. అమ్మని కూడా తీసుకెళ్లాను, ఆవిడ బెంచీ మీద కూర్చుని "బాబూ, ఆ కాగితం మీద ముద్ర వేసివ్వండి, మేం వెళ్తాం" అని నెమ్మదిగా మూడుసార్లు అడిగింది. హెడ్ కానిస్టేబుల్ గారు చివరికి ఎంట్రీ వేసి, నా కాపీ మీద స్టాంపు కొట్టిచ్చారు.

టైర్ల షాపాయన కెమెరాలో సగం దృశ్యం దొరికింది. గుద్దే క్షణం స్తంభం చాటున పడింది గానీ, నా బ్రేక్ లైట్లు వెలిగి ఉండడం, ట్రాలీ వేగంగా రావడం స్పష్టంగా ఉన్నాయి. పెన్ డ్రైవ్‌లో ఎక్కించిచ్చాడు.

బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో ట్రాలీ నంబర్ కొట్టి చూశాను. ఇన్సూరెన్స్ 2025 డిసెంబరు దాకా ఉంది, కంపెనీ పేరు, పాలసీ నంబర్ కూడా వచ్చాయి. కానీ ఆ కుర్రాడి దగ్గర కారు లైసెన్సే ఉందట, రవాణా బండ్లు నడపడానికి ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ బ్యాడ్జి లేదట. దానివల్ల వాళ్ల కంపెనీ తప్పించుకుంటుందా?

వకీలు_రాజమండ్రి · మే 22, రాత్రి 11:20

అది మీకు అడ్డు కాదు. లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సు ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. చిన్న ట్రాలీ ఆ లోపే.

నేను భయపడేది వేరే విషయం గురించి. ఆ పాలసీలో ఆస్తి నష్టం పరిమితి ఎంత రాసి ఉందో చూడాలి. మామూలుగా 7.5 లక్షలు ఉంటుంది. కానీ కొందరు ఓనర్లు ప్రీమియంలో కొద్ది రూపాయలు మిగులుతాయని దాన్ని 6,000కి కుదించుకుంటారు. అలా ఉంటే కంపెనీ బాధ్యత 6,000 దగ్గర ఆగిపోతుంది, మిగతాది ఓనర్ సొంతంగా కట్టాలి.

ఇది చదువుతున్నవాళ్లు అందరూ ఈ రాత్రే మీ పాలసీ కాగితం తీసి ఆ లైను చూసుకోండి. మీ వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే మీ ఇంటి మీదకి వచ్చేది అక్కడే.

కొత్త_లైసెన్స్ · మే 22, రాత్రి 11:48

చూశాను సార్. మాది 7,50,000 అని ఉంది. ఊపిరి పీల్చుకున్నాను.

మణికొండ_వాసి · మే 23, ఉదయం 7:30

మా స్కూటీది 1,00,000 అని ఉంది. టూ వీలర్లకి అంతేనా?

సర్వేయర్_గుంటూరు · మే 23, ఉదయం 7:55

అవునమ్మా, టూ వీలర్లకి లక్షే.

కృష్ణలంక_కారు · జూన్ 4, రాత్రి 8:15

చిక్కొచ్చి పడింది. సర్వేయర్ గారు వచ్చి చూసి డిక్కీ డోర్ మార్చక్కర్లేదు, డెంటింగ్ చేయించుకోండి అన్నారు. గ్యారేజీవాళ్లు సరే అని కొట్టి సరిచేశారు. పైకి చూస్తే బాగానే ఉంది. కానీ డోర్ వేస్తుంటే ఎడమ వైపు మూల ఏదో తేడాగా అనిపిస్తోంది. గ్యారేజీవాళ్లు "అంతే సార్, కొత్తలో అలాగే ఉంటుంది" అంటున్నారు. డెలివరీ తీసుకోమని, సంతృప్తిగా ఉందని సంతకం పెట్టమని ఒకటే ఒత్తిడి.

గ్యారేజీ_బాబాయ్ · జూన్ 4, రాత్రి 8:40

సంతకం పెట్టకు బాబూ. అది పెడితే పనంతా బాగుందని నువ్వే రాసిచ్చినట్టు.

రేపు పొద్దున్నే ఒక పని చెయ్యి. క్యాలెండర్ కాగితం రెండు వేళ్ల వెడల్పున చింపు. డిక్కీ రబ్బరు బీడింగ్ మీద పెట్టి, సగం బయట ఉండేలా డోర్ వెయ్యి. మెల్లగా లాగు. కాగితం బిగుసుకుపోవాలి, లాగితే చినగాలి గానీ ఊరికే రాకూడదు. బీడింగ్ చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలాగే చూడు. ఎక్కడ కాగితం జారి వచ్చేస్తుందో అక్కడ సందున్నట్టే. ఆ సందులోంచి వర్షం నీళ్లు స్టెపినీ గుంటలోకి దిగుతాయి, రెండు వానాకాలాల్లో షీటు తుప్పు పడుతుంది. వీడియో తీస్తూ చెయ్యి.

కృష్ణలంక_కారు · జూన్ 5, మధ్యాహ్నం 12:30

బాబాయ్, మీరు చెప్పినట్టే చేశాను. కుడి వైపు, పైన అంతా కాగితం చినిగింది. ఎడమ కింది మూలలో మాత్రం చేత్తో పట్టుకోగానే వచ్చేసింది, పట్టు లేనే లేదు. తర్వాత చెంబుతో నీళ్లు పోసి చూశాను. లోపల మ్యాట్ తడిసింది. వీడియో అంతా సర్వేయర్ గారికి, కంపెనీకి మెయిల్ చేశాను. మళ్లీ వచ్చి చూడమని అడిగాను.

సర్వేయర్_గుంటూరు · జూన్ 5, మధ్యాహ్నం 3:05

సరిగ్గా చేశారు. సర్వేయర్లందరి తరఫునా ఒక మాట. మేం మొదటిసారి చూసేటప్పుడు డోర్ ఇంకా నలిగే ఉంటుంది, బిగుతు తెలియదు. పని చేశాక కొలత కుదరకపోతే మళ్లీ చూపించమని అడిగే హక్కు మీది. సర్వే రిపోర్టు కాపీ కూడా అడిగి తీసుకోండి, ఏ లైనుకి ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది.

బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం రిపోర్టు 15 రోజుల్లో రావాలి, రిపోర్టు వచ్చిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. మెయిల్‌లో ఈ గడువుల్ని మర్యాదగా గుర్తు చేయండి. కదలకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, తర్వాత వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లోనో 155255కి ఫోన్ చేసో ఫిర్యాదు పెట్టండి. నెల రోజులైనా తేలకపోయినా, వాళ్ల జవాబు నచ్చకపోయినా బీమా తగవులు తీర్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ ఆఫీసు కిందకే వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు. అయితే అది మీకూ మీ కంపెనీకీ మధ్య తగవుకే. ట్రాలీవాళ్ల కంపెనీ మీద అక్కడికి వెళ్లడానికి లేదు.

కృష్ణలంక_కారు · జూన్ 21, రాత్రి 9:25

సర్వేయర్ గారు రెండోసారి వచ్చారు. కాగితం ఆయన చేతే పెట్టించి లాగమన్నాను. లాగి చూసి ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "మార్చాలి" అన్నారు. కొత్త డోర్ వచ్చి, రంగు వేసి, బిగించడానికి పన్నెండు రోజులు పట్టింది. కంపెనీ గ్యారేజీకి కట్టింది అక్షరాలా 43,910. నేను 20,290 కట్టి కారు తెచ్చుకున్నాను. గుంటూరు మాస్టారూ, మీ లెక్క రూపాయి తేడా లేదు.

వకీలు గారు మెసేజ్‌లో చెప్పిన ప్రకారం ఇక్కడ తెలిసిన లాయర్‌తో ట్రాలీ ఓనర్‌కీ వాళ్ల కంపెనీకీ నోటీసు పంపించాను. నా జేబు నుంచి పోయిన 20,290, బోనస్ నష్టం 10,000. డైరీ ఎంట్రీ కాపీ, బిల్లులు, సర్వే రిపోర్టు, బ్రేక్ లైట్లు కనిపించే ఫోటో జత చేశాం.

వకీలు_రాజమండ్రి · జూన్ 21, రాత్రి 10:10

బోనస్ నష్టం ట్రైబ్యునల్ ఇస్తుందో ఇవ్వదో న్యాయమూర్తిని బట్టి ఉంటుంది, దాని మీద గట్టి ఆశ పెట్టుకోకండి. అడగడం మాత్రం సరైనదే. 20,290కి బిల్లులున్నాయి కాబట్టి అది బలమైనది. ఓనర్‌ మాట్లాడదామంటే ఫోన్‌లో ఏదీ ఒప్పుకోకండి, కాగితం మీద రాసుకోండి.

కృష్ణలంక_కారు · జూలై 27, రాత్రి 8:50

వాళ్ల కంపెనీ నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. పాలసీలో ఆస్తి నష్టం పరిమితి 6,000 అని, అది కూడా ట్రైబ్యునల్ ఆర్డర్ ఉంటేనే అని. వకీలు గారు మే నెలలోనే భయపడింది నిజమైంది.

ఆ జవాబు కాపీ ఓనర్‌కీ వెళ్లింది. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. రెండు నెలలు ఎత్తని మనిషి. నిన్న ఇంటికి వచ్చాడు, వెంట ఆ డ్రైవర్ కుర్రాడు. నూజివీడు దగ్గర ఊరట, సీజన్‌లో మామిడికాయలు, మిగతా రోజుల్లో కూరగాయలు తోలతారట. పాలసీ తీసుకునేటప్పుడు "తక్కువలో వేయండి" అని తానే అన్నాడట, ఆ లైను అర్థం ఇప్పుడే తెలిసిందట. కోపంగా మాట్లాడదామనుకున్నాను. ఆ కుర్రాడు గుమ్మం బయటే నిలబడిపోతే అమ్మ లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది, నాకు నోరు రాలేదు.

బోనస్ నష్టంలో నేను తగ్గాను, మొత్తం 22,000కి ఒప్పుకున్నాం. 12,000 అక్కడికక్కడే ఫోన్‌పే చేశాడు, మిగతా పది ఆగస్టు 15 లోపు. లాయర్ రాసిన రాజీ కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం, సాక్షిగా పక్కింటి మాస్టారు. నా కంపెనీ ఇచ్చిన 43,910కీ ఈ రాజీకీ సంబంధం లేదని అందులో స్పష్టంగా రాయించాం. పది వేలు రాకపోతే కేసు వేసే హక్కు నాకే ఉంటుందనీ, నవంబరు గడువు లోపలే వేస్తాననీ రాశాం.

మణికొండ_వాసి · జూలై 27, రాత్రి 9:14

చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. ఆ రోజు నాకు ఎవరైనా ఇలా చెప్పి ఉంటే బాగుండేది. మంచినీళ్లిచ్చిన అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

కృష్ణలంక_కారు · ఆగస్టు 16, ఉదయం 10:05

నిన్న మధ్యాహ్నం పది వేలు వచ్చాయి. రాత్రి ఇక్కడ కుండపోత వాన. పొద్దున్నే లేచి డిక్కీ తీసి మ్యాట్ ఎత్తి చూశాను. పొడిగా ఉంది బాబాయ్.

గ్యారేజీ_బాబాయ్ · ఆగస్టు 16, ఉదయం 10:20

సంతోషం బాబూ. ఆ బీడింగ్‌కి ఆర్నెల్లకోసారి సిలికాన్ స్ప్రే కొట్టించు, రబ్బరు ఎండిపోకుండా ఉంటుంది.

భీమవరం_స్కూటీ · ఆగస్టు 16, సాయంత్రం 4:40

థ్రెడ్ అంతా ఇప్పుడే చదివాను. మార్చి 3న నా స్కూటీని ఒక కారు గుద్దింది, 14,000 అయింది. నాది థర్డ్ పార్టీ పాలసీయే. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి స్టాంపు తీసుకున్నాను, తర్వాత ఆయన ఇస్తాడేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు కుదురుతుందా?

వకీలు_రాజమండ్రి · ఆగస్టు 16, సాయంత్రం 5:02

మీది థర్డ్ పార్టీ ఒక్కటే కాబట్టి మీ కంపెనీ నుంచి ఏమీ రాదు, ట్రైబ్యునల్ ఒక్కటే దారి. మార్చి 3 నుంచి ఆరు నెలలంటే సెప్టెంబరు మొదటి వారం. సోమవారమే ఆ స్టాంపు కాగితం, ఆర్సీ, లైసెన్సు, రిపేరు బిల్లు పట్టుకుని భీమవరంలోనే ఒక లాయర్ని కలవండి. ఆ కారు నంబర్ ఎం-పరివాహన్‌లో కొట్టి పాలసీ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఓనర్‌కి ఇంక ఫోన్లు చేస్తూ రోజులు పోగొట్టుకోకండి.